చిన్న చేపా? చిక్కిన చేపా?

రెండు గులివింద చేపల్ని పలక మీద పక్కపక్కన పెట్టారనుకుందాం. మూతి కొన నుంచి తోక చివరి దాకా కొలిస్తే రెండూ సరిగ్గా 16 సెంటీమీటర్లే. త్రాసు మీద పెడితే మాత్రం ఒకటి 49 గ్రాములు, రెండోది 39 గ్రాములు. ఇప్పుడు కొంచెం వంగి చూస్తే తేడా కంటికీ తెలుస్తుంది. బరువైన చేప వీపు గుండ్రంగా ఉంది, వేలితో నొక్కితే కండ తిరిగి పైకి వస్తోంది. తేలికైన చేప తల మాత్రం ఒంటికి మించి పెద్దదిగా అనిపిస్తుంది. తల వెనక మెడ భాగంలో చిన్న పల్లం పడింది, పొట్ట లోపలికి పీక్కుపోయింది. పొడవు మాత్రమే రాసుకునే పుస్తకంలో ఈ రెండింటికీ తేడా లేదు. తీరానికి దగ్గరగా చిన్న పడవల మీద సాగే చేపల వేటలో ఎక్కువ చోట్ల ఉండే పుస్తకం అలాంటిదే. అసలు పుస్తకమే లేని చోట్లు అంతకంటే ఎక్కువ.

సముద్రపు అడుగున బతికే చేపల విషయంలో ఈ లోటు చాలా నష్టం చేస్తుంది. కవళ్ల వంటి పైనీటి చేపలు మేత ఎటు పోతే అటు గుంపుగా కదిలిపోతాయి. నాలుక చేపలు, గొరకలు, జెల్లలు, గులివిందలు, టేకులు అలా కావు. బురదలోని పురుగులు, ఇసుకలో దాగిన చిన్న రొయ్యలు, పీత పిల్లలు, ఆలిచిప్పలు వాటి తిండి. ఆ తిండి నేలకు అంటుకుని ఉంటుంది కాబట్టి చేప కూడా చాలామట్టుకు ఆ నేలనే అంటిపెట్టుకుంటుంది. నేల చెడితే ఆ చెడు ముందుగా కనిపించేది దాని ఒంట్లోనే. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తదితరులు 2023లో వెలువరించిన ప్రపంచ అధ్యయనం లెక్కన మొత్తం చేపల పట్టుబడిలో దాదాపు 40 శాతం చిన్న తరహా వేటగాళ్లదే. అంత పెద్ద భాగానికి చాలా చోట్ల పరిశోధన ఓడలు, ఏటేటా సర్వేలు ఉండవు. ఒడ్డుకు వచ్చిన చేపే ఆధారం. కాబట్టి ఆ చేప ఒంటిని సరిగా చదవడం తెలియాలి.

పొడవు ఒక లెక్క, బరువు ఇంకో లెక్క

చేప పొడవు ఎముకల లెక్క. ఒకసారి పెరిగిన ఎముక ఆకలి వేసిందని పొట్టిది కాదు. ఆ చేప పుట్టినప్పటి నుంచి ఎన్ని మంచి రోజులు, ఎన్ని చెడ్డ రోజులు చూసిందో అన్నీ కలిపి పొడవులో నిలిచిపోతాయి. బరువు అలా కాదు, పెరుగుతుంది, తరుగుతుంది. కండ, కాలేయం, కొవ్వు, గుడ్ల సంచి, కడుపులో ఉన్న మేత, ఒంట్లోని నీరు అన్నీ అందులో ఉంటాయి. గత కొన్ని వారాలు, కొన్ని నెలలు చేప ఎలా తిన్నదో బరువు చెబుతుంది. పొడవు పాత పద్దు, బరువు కొత్త పద్దు. రెండూ కలిపి చూస్తేనే చేప కథ తెలుస్తుంది. ఒక్కటే చూస్తే తప్పు కథ తెలిసే ప్రమాదం ఉంది, అది అసలు తెలియకపోవడం కంటే చెడ్డది.

పెరుగుదలను లెక్కగట్టడానికి ఎక్కువగా వాడేది లుడ్విగ్ ఫాన్ బెర్టలాన్ఫీ 1938లో ప్రతిపాదించిన వక్రరేఖ. దాని సారం ఇది: చేప ఒక గరిష్ఠ పొడవు వైపు పెరుగుతుంది, దానికి దగ్గరయ్యే కొద్దీ వేగం తగ్గుతుంది. ఒక ఊహాచేపను తీసుకుందాం. దాని గరిష్ఠ పొడవు 30 సెంటీమీటర్లు, పెరుగుదల గుణకం (ఆ గరిష్ఠ పొడవుకు ఎంత త్వరగా దగ్గరవుతుందో చెప్పే అంకె) ఏడాదికి 0.5. మొదటి ఏడాది చివరికి అది 11.8 సెంటీమీటర్లు ఉంటుంది. రెండో ఏట 19.0, మూడో ఏట 23.3, నాలుగో ఏట 25.9. అంటే మొదటి ఏడాది దాదాపు 12 సెంటీమీటర్లు పెరిగిన చేప నాలుగో ఏడాది రెండున్నర సెంటీమీటర్లే పెరుగుతుంది.

ఇదే చేపను బరువులో చూస్తే కథ మారిపోతుంది. బరువు పొడవు ఘనంతో పాటు పెరుగుతుంది. మామూలు ఆకారమున్న చేపకు, సెంటీమీటర్లలో పొడవును ఘనం చేసి (పొడవు × పొడవు × పొడవు) నూరుతో భాగిస్తే గ్రాముల్లో బరువు సుమారుగా వస్తుంది. ఆ లెక్కన మన చేప ఏటేటా 16, 69, 126, 174 గ్రాములు ఉంటుంది. మొదటి ఏట వచ్చిన బరువు 16 గ్రాములు, రెండో ఏట 53, మూడో ఏట 57, నాలుగో ఏట 48. పొడవు పెరగడం మందగించిన తర్వాతే బరువు జోరందుకుంటుంది. ఈ వక్రరేఖ ప్రకారం చేప బరువు అత్యంత వేగంగా పెరిగేది గరిష్ఠ పొడవులో మూడింట రెండు వంతులు దాటే సమయంలో, అంటే గరిష్ఠ బరువులో 30 శాతం దగ్గర. మన చేపకు అది 20 సెంటీమీటర్లు, రెండేళ్లు దాటిన వయసు. సన్నకంటి వలతో దాన్ని 14, 15 సెంటీమీటర్ల దగ్గరే తీసేస్తే సముద్రం మేత పెట్టి ఊరకే పెంచబోతున్న కండను పెరగకముందే కోసుకున్నట్టు. ఈ లెక్క చెప్పడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. కానీ చేప వయసు తెలియాలి.

చెవిరాయి చెప్పే వయసు

గొరక తల కోసి చూసినవారికి లోపల రెండు తెల్లని రాళ్లు ఉంటాయని తెలుసు. అవి చేప చెవిరాళ్లు. గొరక జాతుల్లో అవి చెప్పుకోదగినంత పెద్దవి, నాలుక చేపల్లో చిన్నవి. రాయిని మధ్యకు విరిచి, విరిగిన ముఖాన్ని సన్నని మంట మీద కాసేపు కాల్చి, ఒక చుక్క నూనె వేసి భూతద్దం కింద చూస్తే చెట్టు మొద్దులో వలయాల్లాగా గోధుమ, లేత రంగుల పట్టీలు కనిపిస్తాయి. చేప వేగంగా పెరిగిన కాలం వెడల్పు పట్టీ, మందగించిన కాలం సన్న పట్టీ. జర్మన్ శాస్త్రవేత్త రైబిష్ 1899లోనే ప్లేస్ అనే బల్లపరుపు చేపకు చెవిరాళ్ల వలయాలను బట్టి వయసు కట్టాడు. అంతకు కొద్దిగా ముందు, 1890లలో, డెన్మార్క్‌కు చెందిన పీటర్సన్ ఇంకో దారి చూపాడు. వేల చేపల పొడవులు కొలిచి, ఏ పొడవుకు ఎన్ని చేపలున్నాయో పట్టీగా (గ్రాఫ్‌గా) గీస్తే అక్కడక్కడ గుట్టలు తేలతాయి. ఒక్కో గుట్ట ఒక్కో ఏడాది పుట్టిన పిల్లల గుంపు. నెల నెలా ఆ గుట్ట కుడికి ఎంత జరిగిందో చూస్తే పెరుగుదల తెలుస్తుంది.

రెండు పద్ధతులకూ చిక్కులున్నాయి. చలికాలం గట్టిగా ఉండే సముద్రాల్లో వలయం ఏటా ఒకటి అని నమ్మొచ్చు. వెచ్చని నీటిలో గుడ్లు పెట్టే కాలంలోనో, వర్షాకాలపు మంచినీరు సముద్రంలో కలిసినప్పుడో కూడా వలయం పడవచ్చు, ఏడాదికి రెండు కూడా పడవచ్చు. అందుకే రాయి అంచున కొత్త పట్టీ ఏ నెలలో మొదలవుతోందో ఏడాది పొడవునా గమనించకుండా వలయాలు లెక్కపెట్టి వయసు చెప్పడం తొందరపాటు. ఏడాదిలో పలుమార్లు గుడ్లు పెట్టే జాతుల్లో పీటర్సన్ గుట్టలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

ఒకే పట్టీ, రెండు కథలు

వయసు తెలియని చోట చాలామంది పొడవులతోనే నెట్టుకొస్తారు. పట్టుబడిలో పెద్ద చేపలు తగ్గి చిన్నవి మాత్రమే వస్తుంటే వేట మితిమీరిందని తీర్పు ఇస్తారు. చాలాసార్లు ఆ తీర్పు సరైనదే. కానీ అదే పొడవుల పట్టీని పూర్తిగా వేరే కారణం కూడా గీయగలదు. చేపలు బతికే ఉన్నాయి, వయసూ వచ్చింది, పెరగలేదు. మూడేళ్ల చేప 23 సెంటీమీటర్లకు బదులు 17 దగ్గరే ఆగిపోతే, పొడవు మాత్రమే చూసేవారికి అది రెండేళ్ల చేపలా కనిపిస్తుంది. మూడేళ్ల చేపలన్నీ వలలో పోయాయని లెక్క తేలుతుంది. అవి మాత్రం సముద్రంలోనే ఉన్నాయి, ఆకలితో.

పొడవు ఆధారిత లెక్కల్లో దాగిన బలహీనత ఇదే. వాటికి గరిష్ఠ పొడవు, పెరుగుదల గుణకం ముందే ఇవ్వాలి. చిన్న తీరాల్లో ఆ రెండు అంకెల్నీ తరచుగా ఎక్కడో వేరే సముద్రంలో, ఎన్నో ఏళ్ల క్రితం చేసిన కొలతల నుంచి తెచ్చుకుంటారు. పెరుగుదల మారదనే నమ్మకం మీద భవనమంతా నిలబడుతుంది. ఆ నమ్మకం ఇంకా నిలబడి ఉందా లేదా అని కనిపెట్టడానికి అతి చవకైన సాధనం త్రాసు. వేట వల్ల చేపలు పలచబడిన చోట మిగిలినవాటికి తలా కొంచెం మేత ఎక్కువే దొరకాలి. అవి పొట్టిగా ఉన్నా పుష్టిగా ఉండాలి. మేత లేక ఎదుగు ఆగిన చోట అవి పొట్టిగానూ ఉంటాయి, ఎండిపోయీ ఉంటాయి. ఇది తిరుగులేని సూత్రం కాదు, రెండు కష్టాలూ ఒకేసారి రావచ్చు. అయినా పొడవొక్కటే ఎన్నటికీ చెప్పలేని తేడా ఇది.

పుష్టిని అంకెలో పెట్టడం

పుష్టిని కొలిచే పాత సూత్రానికి స్కాట్లాండ్ శాస్త్రవేత్త ఫుల్టన్ పేరు స్థిరపడింది. ఆయన 1904లో చేపల బరువును పొడవు ఘనంతో పోల్చి చూశాడు. గ్రాముల బరువును నూరుతో గుణించి, సెంటీమీటర్ల పొడవు ఘనంతో భాగించాలి. మొదట చూసిన గులివిందల్లో 49 గ్రాములదానికి ఇది 1.20, 39 గ్రాములదానికి 0.95. ఈ అంకెను కూడా, బెర్టలాన్ఫీ పెరుగుదల గుణకాన్ని కూడా పుస్తకాల్లో ఒకే అక్షరంతో రాస్తారు. కొత్తగా చదివేవారు రెండూ ఒకటేనని పొరబడటం మామూలే. ఒకటి ఎదుగుదల వేగం, రెండోది ఒంటి నిండుదనం.

ఈ అంకెతో ఒక జాతిని ఇంకో జాతితో పోల్చకూడదు. పాములా సన్నగా సాగిన చేపకు అది ఎప్పుడూ తక్కువే, ఉబ్బిన ఒళ్లున్న చేపకు ఎప్పుడూ ఎక్కువే. ఒకే జాతిలో కూడా చేప పెరిగే కొద్దీ ఆకారం మారితే ఫుల్టన్ అంకె మోసం చేస్తుంది. ఆ లోపాన్ని సరిదిద్దింది లె క్రెన్. ఇంగ్లండ్‌లోని విండర్మియర్ సరస్సు పెర్చ్ చేపల మీద 1951లో ఆయన చూపిన దారి ఇది: ముందు ఆ చోటి చేపలు వందల కొద్దీ కొలిచి ఏ పొడవుకు ఎంత బరువు మామూలో లెక్కకట్టాలి, తర్వాత ఒక్కో చేప అసలు బరువును ఆ మామూలు బరువుతో పోల్చాలి. 1 వస్తే మామూలు చేప, 0.9 వస్తే పదో వంతు తరుగు. చిన్న తీరాలకు ఈ పద్ధతే నయం. చేపను దాని ఊరివాళ్లతోనే పోలుస్తుంది కాబట్టి.

కొలిచే చెయ్యి నిదానంగా ఉండాలి. పొడవును ఘనం చేస్తాం కనుక పొడవులోని చిన్న తప్పు అంకెలో మూడింతలవుతుంది. 15 సెంటీమీటర్ల చేపను 3 మిల్లీమీటర్లు ఎక్కువగా చదివితే పుష్టి అంకె దాదాపు 6 శాతం పడిపోతుంది. ఒక చెడ్డ ఏడాది తెచ్చే తేడా కూడా కొన్నిసార్లు అంతే. చేప మూతిని పలక అడ్డానికి ఆనించకపోవడం, తోక చీలిక వరకు ఒకరు, తోక కొన వరకు ఇంకొకరు కొలవడం, మంచులో బిగుసుకున్న చేపను వంకరగానే కొలవడం లాంటివి చూడటానికి చిన్నవే. కానీ ఇద్దరు మనుషులు కొలిచే తీరులోని తేడా సముద్రంలో కరువులా కనిపించగలదు.

బరువులో ఏముందో కూడా తెలియాలి. గుడ్ల కాలానికి ముందు ఆడచేప బరువులో గణనీయమైన భాగం గుడ్ల సంచే. గుడ్లు విడిచాక అదే చేప ఒక్కసారిగా చిక్కిపోయినట్టు కనిపిస్తుంది. అప్పుడే మేసి వచ్చిన చేప కడుపు కూడా తూకంలో పడుతుంది. అందుకే వీలున్నప్పుడు పేగులు, గుడ్ల సంచి తీసి తూయడం మేలు. వీలు లేకపోతే కనీసం ఒక ఏడాది ఆగస్టును ఇంకో ఏడాది ఆగస్టుతోనే పోల్చాలి, జనవరితో కాదు. చల్లని సముద్రాల్లో బతికే కాడ్ వంటి చేపలు కొవ్వును కండలో కాక కాలేయంలో దాస్తాయి. వాటికి కాలేయం బరువును ఒంటి బరువులో శాతంగా చూస్తే కరువు ఇంకా ముందే తెలుస్తుంది. ఇంకో దాగుడుమూత ఉంది. ఆకలి పడిన చేప కండ కరిగినచోట నీరు చేరుతుంది, బరువు కొంతవరకు నిలబడుతుంది. ఉత్తర అట్లాంటిక్‌లో అమెరికన్ ప్లేస్ అనే బల్లపరుపు చేపలో ఇది ముదిరి కండ జావలా అయిపోవడం వేటగాళ్లకు తెలిసిన సంగతే. మామూలుగా 80 శాతం చుట్టూ ఉండే నీరు వాటిలో 90 దాటుతుంది. వేలితో నొక్కినప్పుడు గుంట అలాగే ఉండిపోతే త్రాసు చెప్పే దానికంటే పరిస్థితి అధ్వానంగా ఉందన్నమాట.

వల ఏరుకునే చేప

చిన్న తరహా వేటలో పుష్టి లెక్కను అన్నిటికంటే ఎక్కువగా తప్పుదారి పట్టించేది వలే. దీని గురించి మాట్లాడేవారు తక్కువ. మొప్పల దగ్గర బిగించి పట్టే వల చేపను పొడవు చూసి పట్టదు, చుట్టుకొలత చూసి పడుతుంది. కన్ను లాగి పట్టినప్పుడు 50 మిల్లీమీటర్లు ఉండే వలను తీసుకుందాం. ఆ కంటి చుట్టుకొలత 10 సెంటీమీటర్లు. దానికంటే కొంచెం లావున్న చేప తల దూర్చి, ఒళ్లు పట్టక ఆగిపోతుంది. మరీ సన్నది దాటిపోతుంది. మరీ లావుది మూతి తగిలి వెనక్కి మళ్లుతుంది.

ఇప్పుడు ఈ కంటికి సరిపోయే మామూలు పొడవు 18 సెంటీమీటర్లు అనుకుందాం. 15 సెంటీమీటర్ల చేపల్లో మామూలువి కంటిలోంచి జారిపోతాయి, బాగా బలిసినవి మాత్రం ఇరుక్కుంటాయి. 22 సెంటీమీటర్ల చేపల్లో మామూలువి కంటిలో పట్టవు, చిక్కిపోయినవి మాత్రం దూరి ఇరుక్కుంటాయి. పడవలోకి వచ్చిన చేపలను కొలిచినవారికి చిన్నవి పుష్టిగా, పెద్దవి నీరసంగా కనిపిస్తాయి. పెద్ద చేపలకు తిండి లేదని నివేదిక తయారవుతుంది. సముద్రంలో అలాంటిదేమీ లేకపోవచ్చు, వల ఏరుకున్న తీరే అది. ఇంకా ప్రమాదకరమైన సందర్భం ఒకటుంది. ఈ ఏడాది వేటగాళ్లు కంటి పరిమాణం మార్చారనుకోండి. అదే పొడవు చేపల సగటు పుష్టి పోయిన ఏడాదితో పోలిస్తే మారిపోతుంది, చేపలు ఏమీ మారకపోయినా.

దీనికి విరుగుడు కష్టమైనది కాదు. ప్రతి కొలత పక్కన వల కన్ను ఎంతో రాసుకోవాలి. ఒకే కన్ను వలతో వచ్చిన చేపలకు బదులు రెండు మూడు రకాల కన్నులతో వచ్చినవి కలపాలి. గాలానికి పడినవి, బోనులో పడినవి కొన్ని విడిగా తూయాలి. గాలం చుట్టుకొలత చూడదు. అయితే ఆకలిగొన్న చేప గాలాన్ని ముందుగా అందుకోవచ్చని అక్కడా జాగ్రత్తపడాలి. జెల్లల సంగతి వేరు. వాటి ముళ్లు వలలో ఎక్కడైనా తగులుకుంటాయి, చుట్టుకొలతతో సంబంధం తక్కువ.

వల ఏరివేత పెరుగుదల లెక్కలోకి కూడా చొరబడుతుంది. బ్రిటన్ శాస్త్రవేత్త రోజా లీ 1912లోనే దీన్ని గుర్తించింది. ముసలి చేపల పొలుసుల్లోని వలయాలను బట్టి అవి చిన్నప్పుడు ఎంత పొడవు ఉన్నాయో వెనక్కి లెక్కకడితే, ఇప్పటి చిన్న చేపలకంటే అవి ఆ వయసులో పొట్టిగా ఉన్నట్టు తేలుతుంది. ఒక ముఖ్య కారణం ఇది: వేగంగా పెరిగినవి వలకు తగ్గ పొడవును ముందే అందుకుని ముందే పోయాయి. నెమ్మదిగా పెరిగినవే ముసలితనం దాకా మిగిలాయి. మిగిలినవాటిని మాత్రమే కొలిచి జాతి అంతా నెమ్మదిగా పెరుగుతుందని చెప్పడం అన్యాయం. ఒడ్డున వేరుచేతలో పెద్దవి, బలిసినవి ముందుగా బుట్టలకెక్కి వెళ్లిపోయాక మిగిలిన కుప్పలోంచి నమూనా తీసుకున్నా ఇదే పొరపాటు జరుగుతుంది.

చేప ఎందుకు చిక్కుతుంది

తిండి, తినే నోళ్లు, నీటి వేడి, నీటిలోని ప్రాణవాయువు, ఈ నాలుగే ముఖ్యం. నోళ్ల సంగతికి పాత, అందమైన రుజువు ఒకటుంది. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో వాల్టర్ గార్స్టాంగ్ నాయకత్వంలో బ్రిటన్ శాస్త్రవేత్తలు ఉత్తర సముద్రం తూర్పు తీరంలో కిక్కిరిసి ఉన్న చిన్న ప్లేస్ చేపలను పట్టి, గుర్తు బిళ్లలు కట్టి, సముద్రం నడుమనున్న డాగర్ బ్యాంక్ మీద వదిలారు. తిరిగి దొరికినప్పుడు చూస్తే, ఒడ్డు దగ్గరే ఉండిపోయిన తోటి చేపలకంటే అవి ఎంతో వేగంగా పెరిగాయి. చేపలు అవే, మేత ఉన్న నేల మారిందంతే. ఇందుకు తిరగేసిన సంగతి ఉత్తర అమెరికా తూర్పు తీరానికి ఎదురుగా ఉన్న జార్జెస్ బ్యాంక్ దగ్గర జరిగింది. అక్కడ 2003లో పుట్టిన హాడాక్ అనే అడుగు చేప పిల్లలు లెక్కకు మించి బతికాయి. అంత పెద్ద గుంపు కాబట్టి మేతకు పోటీ పెరిగి, అవి ముందు తరాలకంటే నెమ్మదిగా పెరిగాయి. చిన్న చేపల కుప్ప ఒక్కోసారి మంచి పుట్టుబడికి గుర్తు కూడా కావచ్చు.

నేలను గీకే ట్రాల్ వలల ప్రభావం అంత సూటిగా ఉండదు. బరువైన గొలుసులు, పలకలు అడుగును మళ్లీ మళ్లీ దున్నితే ఆలిచిప్పలు, పెద్ద పురుగులు, నిదానంగా పెరిగే జీవులు ముందు పోతాయి. వాటిని తినే చేపలు నష్టపోతాయి. త్వరగా పుట్టి త్వరగా పెరిగే చిన్న పురుగులు మాత్రం అలాంటి నేలలోనూ నిలదొక్కుకోగలవు, వాటిని మేసే బల్లపరుపు చేపలకు కొంత దాకా లోటు కనిపించదు. పైగా అదే ట్రాల్ మేతకు పోటీపడే చేపలనూ తీసేస్తుంది. చివరికి చేప పుష్టి తేలేది మేత ఎంత ఉందన్న దాని మీద కాదు, ఒక్కో నోటికి ఎంత మేత మిగిలిందన్న దాని మీద. అందువల్ల ట్రాలర్లు తిరిగిన చోట చేపలు బలిసే ఉన్నాయి కాబట్టి నేలకు హాని లేదనే వాదన నిలవదు. నోళ్లు తగ్గినందుకు అవి బలిసి ఉండొచ్చు.

వేడి సంగతికొస్తే, ఉత్తర సముద్రంలో 40 ఏళ్లలో నీరు 1 నుంచి 2 డిగ్రీలు వేడెక్కిన కాలంలో, పరిశీలించిన 8 జాతుల్లో 6 జాతుల గరిష్ఠ పొడవు ఒకేసారి తగ్గినట్టు 2014లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. వెచ్చని నీటిలో ఒంటి ఖర్చు పెరుగుతుంది, చేప చిన్నప్పుడు త్వరగా పెరిగి త్వరగా ఆగిపోతుంది. ఇందుకు మొప్పలు ప్రాణవాయువును అందించే శక్తికున్న పరిమితే కారణమా అన్న దాని మీద శాస్త్రవేత్తల్లో గట్టి వాదోపవాదాలు నడుస్తున్నాయి.

అన్ని కారణాలూ ఒకేచోట మీదపడితే ఏమవుతుందో తూర్పు బాల్టిక్ సముద్రపు కాడ్ చూపించింది. 1990ల నడుమ నుంచి ఆ చేపల పుష్టి ఏటికేడు పడిపోతూ వచ్చింది. లోతట్టు నీటిలో ప్రాణవాయువు లేని ప్రాంతం విస్తరించింది, అడుగున తినే జీవులు ఆ మేర పోయాయి. కాడ్ తినే స్ప్రాట్ చేపలు ఎక్కువగా ఉత్తరానికి జరిగితే కాడ్ దక్షిణాన మిగిలిపోయింది. బూడిదరంగు సీల్ జంతువుల సంఖ్య పెరగడంతో వాటి ద్వారా వచ్చే పురుగు కాడ్ కాలేయంలో గూడు కట్టుకుంది. పెద్దవాటిని ఏరి పట్టే వేట ఎలాగూ ఉంది. చేపలు నీరసించే కొద్దీ, అప్పటికే స్పష్టత తక్కువైన చెవిరాతి వలయాలను చదవడం ఇంకా కష్టమైంది. వయసు చదవడం మీద ఆధారపడిన లెక్కలను 2014లో ఐసీఈఎస్ అనే అంతర్జాతీయ సముద్ర పరిశోధన మండలి పక్కన పెట్టాల్సి వచ్చింది. చేప ఆకలి, చేపను కొలిచే సాధనాన్ని కూడా తినేసింది. అంతకుముందు 40 సెంటీమీటర్ల దగ్గర్లో పెద్దమనిషయ్యే కాడ్ తర్వాతి కాలంలో 20 సెంటీమీటర్ల చుట్టూనే గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. 2019 జులైలో యూరోపియన్ కమిషన్ అత్యవసరంగా వేటను నిలిపేసింది. వేట ఆగిన తర్వాత కూడా ఆ చేపలు వెంటనే తేరుకోలేదు. పుష్టి అంకెల పతనం అప్పటికి రెండు దశాబ్దాలకు పైగా కళ్లముందే ఉంది.

కనీస పొడవు నియమానికి ఎక్కడ చిక్కు

చిన్న తరహా వేటలో ఎక్కువగా వాడే నియమం కనీస పొడవు. ఇంతకంటే చిన్న చేపను పట్టొద్దు, ఇంతకంటే సన్న కన్ను వల వాడొద్దు. ఒక్కసారైనా గుడ్లు పెట్టనివ్వాలన్నది దాని ఉద్దేశం, మంచి ఉద్దేశమే. వేగంగా పెరిగే చేపలను పిల్లలప్పుడే పట్టేస్తున్న చోట ఇది బాగా పనిచేస్తుంది. ముందు చూసిన లెక్కలో 14 సెంటీమీటర్ల చేపను 20 దాకా వదిలేస్తే దాని బరువు మూడింతలకు దగ్గరవుతుంది. వదిలినవాటిలో కొన్ని మధ్యలో చచ్చిపోయినా గిట్టుబాటే.

కానీ మేత లేక 17 దగ్గర ఆగిపోయిన చేపల మధ్య అదే నియమం వేరే పని చేస్తుంది. 20 సెంటీమీటర్లు అందుకోలేని చేపలన్నీ చట్టం చాటున మిగిలి, ఉన్న కాస్త మేత కోసం ఇంకా పోటీపడతాయి. అందుకునే కొద్దిపాటి వేగపు చేపలు మాత్రమే పట్టుబడతాయి. తరాల మీదుగా నెమ్మదిగా పెరిగే గుణమే మిగిలే ప్రమాదం కూడా ఉంది. అడుగు చేప కాకపోయినా, అట్లాంటిక్ సిల్వర్‌సైడ్ అనే చిన్న చేప మీద 2002లో వచ్చిన ప్రయోగ ఫలితం గుర్తుంచుకోదగినది. తొట్టెల్లో నాలుగు తరాల పాటు పెద్దవాటిని తీసేస్తూ పోతే చేపలు పుట్టుకతోనే నెమ్మదిగా పెరిగేవిగా మారాయి, చిన్నవాటిని తీసిన తొట్టెల్లో దీనికి సరిగ్గా తిరగబడింది. చిక్కిన చేపలున్న చోట కన్ను పెంచడానికి ముందు నేల సంగతి చూడాలి. ట్రాల్ గీతలు, పైనుంచి దిగే మురుగు, అడుగు నీటిలో ప్రాణవాయువు, మంచినీటి రాక, అన్నీ. వేటగాళ్ల వల ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టి, నేలను చెడగొట్టినవారిని వదిలేసే నిర్ణయాలు చిన్న పడవల మీద బతికేవారికి చేసే అన్యాయం.

పెద్ద చేప మీద పుష్టి ప్రభావం గుడ్లలో తేలుతుంది. 2018లో వచ్చిన ఒక అంచనా ప్రకారం 30 కిలోల ఆడ కాడ్ ఒక్కటి పెట్టే గుడ్లు, 2 కిలోల ఆడ కాడ్లు 28 కలిసి పెట్టే వాటికి తీసిపోవు. అయితే ఆ పెద్ద చేప చిక్కిపోతే గుడ్లు తగ్గుతాయి, కొన్నిసార్లు ఆ ఏడాది గుడ్లు పెట్టడమే మానేస్తుంది. పొడవైన చేపలు ఇన్ని మిగిలాయి కాబట్టి వచ్చే ఏడాదికి ఢోకా లేదని పొడవు చూసి లెక్కవేసినవారికి ఈ లోటు పిల్లలు రానప్పుడు గానీ తెలియదు.

ఏం కొలవాలి, ఎలా చదవాలి

ఒక తీరానికి కావాల్సిన సామగ్రి తక్కువ. అడ్డం కట్టిన కొలత పలక, ఒక గ్రాము దాకా చూపే త్రాసు, నోటు పుస్తకం. రెండు మూడు ముఖ్య జాతులు ఎంచుకుని నెలకు ఒక్కో జాతివి నూరు చేపలు, వేరుచేతకు ముందే, కుప్పలోంచి ఏరకుండా తీసుకోవాలి. పొడవు, బరువు, వల రకం, కన్ను, లోతు, తేదీ. పదింటిలో ఒకటి కోసి ఆడా మగా, గుడ్ల దశ, కడుపు నిండి ఉందా ఖాళీనా, కాలేయం బరువు ఎంత అని రాయాలి. ఆడచేపలు మగవాటికంటే పెద్దగా పెరిగే జాతులు అడుగు చేపల్లో చాలా ఉన్నాయి. రెంటినీ కలిపేస్తే పెరుగుదల లెక్క గజిబిజి అవుతుంది. మొదటి ఏడాది కొలతలు తీర్పు ఇవ్వడానికి కాదు. ఆ తీరంలో ఏ నెలకు ఏ పుష్టి మామూలో తెలుసుకోవడానికి.

రెండో ఏడాది నుంచి నాలుగు రకాల చిత్రాలు రావొచ్చు. పెద్ద చేపలు తగ్గి, ఉన్నవి పుష్టిగా ఉంటే చూపు ముందుగా వేట ఒత్తిడి మీద పడాలి. పొడవులు తగ్గి, పుష్టీ పడిపోతే నేల, నీరు, మేత వైపు వెళ్లాలి, చెవిరాళ్లు తీసి వయసు చూడాలి. పొడవులు బాగానే ఉండి, పుష్టి మాత్రం ఇప్పుడే పడితే అది అన్నిటికంటే విలువైన కబురు. ఎముకలు ఇంకా పాత మంచి ఏళ్ల లెక్కే చెబుతున్నాయి, కండ మాత్రం కొత్త కరువును చెబుతోంది. పొడవుల పట్టీ మారడానికి ఇంకా ఏడాదో రెండేళ్లో పడుతుంది. చిన్నవి వెల్లువెత్తి, కొంచెం బక్కగా ఉంటే మంచి పుట్టుబడి ఏడాది అయ్యుండొచ్చు. తర్వాతి ఆరు నెలలు పొడవుల పట్టీ మీద ఆ గుట్ట కుడికి జరుగుతోందా, ఉన్నచోటే ఉండిపోయిందా అన్నది చూడాలి.